గోడ పడలేదని వచ్చిన ఫోన్లు

నేను బీమా ఉద్యోగం నుంచి రిటైరైనాను. నాకింకా ముప్పై దాటలేదు. రాజీనామా చేసినానంటే మా బంధువులు ఏదో కేసయిందని అనుకుంటారు. రిటైరైనానంటే నవ్వి ఊరుకుంటారు. అందుకని ఈ మాటే వాడుకుంటున్నాను. ఇప్పుడు పులివెందులలో అరటిగెలలు లారీలకెత్తించే పనిలో ఉన్నాను. అరటికాయతో ఒక సుఖముంది. చెడిపోతే చెడిపోయిందని దారిన పోయే ఎవరికైనా కనపడుతుంది. దానికి సర్వేయరు రానక్కరలేదు.

మొన్న ఇద్దరు పిల్లోళ్ళు వచ్చినారు. బీమా కంపెనీలో ఉద్యోగం వచ్చిందంట. "అన్నా, నువ్వు చేసినావు కదా, ఏమన్నా చెప్పు" అన్నారు. "పోవద్దండి" అని చెప్పినాను. జోకనుకుని నవ్వినారు. నేనేం చెప్పినా జనం జోకనుకుంటారు, అది నాకున్న ఒకే ఒక ఆస్తి, దానికి బీమా కూడా లేదు. సరే, ఎట్లాగూ పోయేటట్టున్నారు కాబట్టి వాళ్ళ కోసం ఒక గోడ సంగతి రాస్తున్నాను. మరీ ఆశ పెట్టుకోవద్దు. ఇందులో ఎవరూ చావలేదు, ఎవరికీ ప్రమోషన్ రాలేదు.

మా బ్రాంచి ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వీధిలో ఒక నగల అంగడి పైన ఉండేది. మెట్లు తప్పి పైకొచ్చేవాళ్ళే మాకు ఎక్కువ. ఒకసారి ఒకామె నేరుగా మా మేనేజరు దగ్గరికి పోయి గాజులు చూపించమని అడిగింది. ఆయన అలవాటుకొద్దీ "చూద్దాం" అన్నాడు. ఆమె చాలాసేపు కూర్చుంది పాపం.

మా మేనేజరును గురించి చెప్పాలంటే ఆ ఒక్క మాటతో అయిపోతుంది. ఆయన ఎవరికీ కాదని చెప్పినోడు కాదు, అవునని చెప్పినోడూ కాదు. ఫ్యాను వెయ్యాలా అని అడిగినా చూద్దామనేవాడు, మనం వేస్తే తిరుగుతాంటే చూసేవాడు. చెడ్డమనిషి కాదు. కాగితం మీద తన పేరు పడితే అది ఎప్పుడో ఒకరోజు లేచి తన మీదికి వస్తుందని ఆయన నమ్మకం. రిటైర్మెంటు దగ్గర పడినాక ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. కంపెనీ బ్రాంచి మేనేజరుకు ఒక అధికారం ఇచ్చింది. ఏదైనా ఇంటికి పాలసీ ఇవ్వడానికి పై ఆఫీసు సందేహిస్తే, మేనేజరు స్వయంగా పోయి చూసి, "నేను చూసినాను, బాధ్యత నాది" అని రాసి పాలసీ ఇవ్వచ్చు. మా వాడు ఆ అధికారాన్ని సర్వీసంతా సీలు విప్పకుండా దాచుకున్నాడు. కొత్త మనిషికి అప్పజెప్పి పోవాలని ఆయన ఆశ.

ఇంక గోడ. జమ్మలమడుగులో ముస్లింలది ఒక ఇల్లు. అత్తా కోడలూ ఉంటారు. కొడుకు కువైట్‌లో డ్రైవరు. ముందర రెండు గదులు అతను ఆడికి పోయినాక సిమెంటుతో కట్టించినవి. వెనక నడిమిల్లూ వంటిల్లూ పాతవి. రాతిగోడలు, మట్టి కట్టుబడి, పైన బండలు పరిచిన మిద్దె. ఆ సంవత్సరం వానలు అదనుకు రాకుండా అన్నీ ఒకేసారి వచ్చినాయి. వీధిలో నీళ్ళు నిలిచి, గోడలో మట్టి నాని, ఒకరోజు మధ్యాహ్నం వంటింటి గోడ పైబండలతో సహా కూలిపోయింది. లోపల ఎవరూ లేరు. గోడవారన కట్టేసిన మేక తాడు తెంచుకుని ముందే బయటపడింది. మా ఆఫీసులో అంత చురుకైనోళ్ళు లేరు.

ఇంటికి మా కంపెనీ బీమా ఉంది. వానకూ వరదకూ వర్తిస్తుంది. చూస్తే కష్టం లేని క్లెయిం. సర్వేయరు పోయి చూసి రాస్తే సరిపోతుంది.

ఆ సర్వేయరు కోస్తా నుంచి కొత్తగా వచ్చినాయన. మర్యాదస్తుడు, మేకను కూడా "మీరు" అనేటట్టుండేవాడు. నేను కూడా వెంట పోయినాను. ఆయన రాళ్ళన్నీ కొలిచి, ఫోటోలు తీసి, చివర్న ఆ అత్తను అడిగినాడు. నేను ఆమెను అవ్వా అని పిలిచేవాణ్ణి కాబట్టి ఇక్కడ కూడా అవ్వే.

"ఇలా జరిగినందుకు చాలా బాధగా ఉందేమోనండీ?"

"బాధెందుకు నాయనా? మంచిదే అయింది" అనింది అవ్వ.

సర్వేయరు పెన్ను ఆగింది. "మంచిదేనా అండీ?"

"మంచిదే కదా. దిష్టి పోయింది. మనుషులకు రావాల్సింది గోడకు వచ్చి పోయింది. అయినా ఆ వంటిల్లు ఈశాన్యంలో ఉండాది, తీసేయండి తీసేయండి అని బేల్దారి ఎన్నిసార్లు చెప్పినాడో. మేం తీయలే. అల్లానే తీసినాడు."

కోడలు వెనక నుంచి "అత్తా" అనింది గానీ అప్పటికే పెన్ను మళ్ళీ కదిలింది.

మా పక్క వాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. మిగతావాళ్ళ కోసం చెప్తాను. ఇక్కడ గ్లాసు పగిలినా, స్కూటరు బోర్లాపడినా, పలకరించను వచ్చినోళ్ళు మొదట అనే మాట అదే, మంచిదేలే దిష్టి పోయింది అని. పోగొట్టుకున్నోళ్ళు కూడా అదే అనాలి. అట్లనకుండా గుండెలు బాదుకుంటే ఇంకోటి పోతుందని భయం. దీనికి మతం లేదు, వాస్తుకూ లేదు. ఆ ఇంటికి పలకరించను పోయిన ప్రతి మనిషీ ఆ మాట అనే పోయినాడు, నాతో సహా. ఆ వీధిలో ఆ మాట అనని మనిషి సర్వేయరు ఒక్కడే.

ఆయన రిపోర్టులో రాసినది నాకిప్పటికీ నోటికొస్తుంది. "గోడ కూలినందుకు బీమాదారు కుటుంబం సంతృప్తి వ్యక్తం చేసినది. సదరు గోడను తొలగించవలెనని మేస్త్రి గతంలోనే సలహా ఇచ్చినట్లు తెలియవచ్చినది." అబద్ధం ఒక్క ముక్క లేదు. అదే వచ్చిన చిక్కు.

పై ఆఫీసులో మూడో అంతస్తు క్లెయింలది. వాళ్ళు ఆ రిపోర్టు చదివి, గోడను ఇంటివాళ్ళే తోసినారేమోనని విచారణకు పెట్టినారు. విచారణ అయ్యేదాకా పడిన రాయిని కూడా కదపొద్దన్నారు. ఈలోగా పాలసీ గడువు దగ్గరకొచ్చింది. రెన్యువల్ చూసేది నాలుగో అంతస్తు. నేను ఫోన్ చేస్తే ఒకాయన తీరిగ్గా చెప్పినాడు.

"విచారణలో ఉన్న ఇంటికి రెన్యువల్ చేయమండీ. ముందు రిపేరు చేయించుకోమనండి."

"సార్, రిపేరు చేయొద్దని మూడో అంతస్తు వాళ్ళు చెప్పినారు."

"అయితే వాళ్ళనే అడగండి."

మూడో అంతస్తును అడిగితే, రెన్యువల్ సంగతి నాలుగో అంతస్తును అడగమన్నారు. ఆ బిల్డింగుకు లిఫ్టు ఉంది, మెట్లు కూడా ఉన్నాయంట. నేను మాత్రం ఎప్పుడూ పోలేదు కాబట్టి కచ్చితంగా చెప్పలేను.

గడువు ఆఖరి రోజు కోడలు ఆఫీసుకు వచ్చింది. ఆమెను నేను అక్కా అనేవాణ్ణి. వస్తానే ఫోన్లో వీడియో కాల్ పెట్టి మా మేనేజరు ముందర బల్ల మీద నిలబెట్టింది. అవతల కువైట్‌లో ఆమె మొగుడు. బండి యాడనో పక్కకు ఆపుకున్నట్టుండాడు, భుజం మీద ఇంకా సీటు బెల్టు ఉంది.

"సార్, నేను కొత్తగా బీమా అడగడంలే. ఏటా కడ్తాండేదే కదా. కట్టించుకోకపోతే ఎట్ల సార్?"

"కంప్యూటరు తీసుకోవడం లేదప్పా" అన్నాడు మేనేజరు. నిజమే. కంప్యూటర్లో ఆ పాలసీ మీద ఎర్రగా ఒక గీత పడి ఉంది.

"కంప్యూటరుకు చెప్పేటోళ్ళు ఎవురో ఉంటారు కదా సార్. మీరు పోయి ఒకసారి చూస్తే అయితాదంట కదా, ఈ అన్న చెప్పినాడు."

మేనేజరు నా వైపు చూసినాడు. నేను ఫ్యాను వైపు చూసినాను.

"చూద్దాం" అన్నాడు.

"ఎప్పుడు చూస్తారు సార్?"

"చూద్దామప్పా."

కువైట్‌లో వెనక ఎవరో హారన్ కొట్టినారు. అతను "సరే సార్, మీ దయ" అని పెట్టేసినాడు. అక్క ఫోన్ తీసుకుని బ్యాగులో పెట్టుకుంది. ఏడుస్తుందేమోనని నేను కుర్చీ ముందుకు జరిపినాను. ఆమె ఏడవలేదు, కూర్చోలేదు కూడా.

"ఒక్కటి చెప్పు తమ్ముడూ. ఇది రెన్యువల్ కాకపోతే, పడిన గోడ క్లెయిం కూడా పోయినట్టేనా?"

కొత్తగా చేరే తమ్ముళ్ళూ, ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే మిమ్మల్ని అందరూ ఇదే అడుగుతారు. పోదు. గోడ పడిన రోజు పాలసీ ఉందా లేదా అన్నదే లెక్క. ఆ తర్వాత పాలసీ ఆగిపోయినా ఆ క్లెయిం దాని కాళ్ళ మీద అది నడుస్తుంది, మెల్లగా. పోయేది వేరే. రేపటి నుంచి పడేదానికి దిక్కుండదు.

ఆమెకు అదే చెప్పినాను.

"అయితే పడిన గోడకు బీమా ఉండాది, నిలబడిన ఇంటికి లేదు" అనింది.

"అంతే అక్కా."

"పడిన గోడతో నాకేం పని తమ్ముడూ? నడిమింటి గోడ ఇప్పుడు బయటపడింది. ఇంతకుముందు దానికి వంటిల్లు అడ్డం ఉండె. ఇప్పుడు జల్లు నేరుగా దాని మీదే కొడ్తాది. ఇంటి బండలన్నీ దాని మీదే ఆనుకోనుండాయి. బేల్దారి కర్రలు ఊతం పెట్టి, తడి ఆరేదాకా ఏం చేయలేనన్నాడు. అది కూడా పడిందంటే ముందర రెండు గదులు తప్ప ఏం మిగలదు. ఆయన ఆడ ఎందుకుండాడో మాకే గుర్తుండదు."

సాయంత్రం ఆఫీసు మూసేటప్పటికి పాలసీ అయిపోయింది. ఆకాశం ఉరమలేదు, కంప్యూటరు మాత్రం ఒక చిన్న శబ్దం చేసింది.

తర్వాత వాన పడిన మొదటి రోజే ఆఫీసు ఫోన్ మోగింది. పాలసీ మీద ఉన్న నంబరు అది. మేనేజరు బల్ల మీదే ఉంటుంది కాబట్టి ఆయనే ఎత్తినాడు. గట్టిగా మాట్లాడే గొంతు, నాకు కూడా వినపడింది.

"సారూ, జమ్మలమడుగు నుంచి మాట్లాడ్తాండా. వాన పడ్తాండాది. గోడ పడలే."

ఫోన్ పెట్టేసింది.

"ఎవురబ్బా ఈమె?" అన్నాడు మేనేజరు.

"అవ్వ సార్. వంటిల్లు కూలిన ఇల్లు."

"పడలేదని ఫోన్ చేసేదేంది? పడితే కదా చేస్తారు?"

"పడితే మనం క్లెయిం తీసుకోం కదా సార్. పడలేదని చెప్తాంది."

ఇంకో రోజు వాన. మళ్ళీ ఫోన్. "సారూ, పెద్ద వానే. పడలే." ఆ తర్వాత తుంపర్లకు కూడా చేసింది. ఒకసారి ఎండలో చేసింది. ప్రొద్దుటూరులో వాన లేదు, అవ్వకు మాత్రం యాడనో మబ్బు కనపడింది. నేనొకసారి జమ్మలమడుగు పోయినప్పుడు అడిగినాను, ఎందుకవ్వా ఈ ఫోన్లు అని.

"మీవోళ్ళకు మా ఇంటి మీద నమ్మకం లేదన్నారంట కదా?"

"అవును."

"మరి నమ్మకం ఎట్ల వస్తాది? చెప్తాంటేనే కదా వస్తాది."

ఇంత తేటగా మాకు ట్రైనింగులో కూడా ఎవరూ చెప్పలేదు.

ఈ లోపల మూడో అంతస్తు విచారణకు ఒక మేడమును పంపించింది. హైదరాబాదు నుంచి వచ్చింది. నవ్వకుండా ఉండటం కూడా ఆమె ఉద్యోగంలో భాగమనుకుంటాను. ఆమె వచ్చే ముందు రోజు నేను అవ్వకు తర్ఫీదు ఇచ్చినాను.

"అవ్వా, రేపు ఆమె అడిగితే కొంచెం బాధగా చెప్పు."

"ఎట్ల?"

"ఏడ్చినట్టు."

"నా మొగుడు పోయినప్పుడు ఏడ్చినా. గోడకు ఎవురన్నా ఏడుస్తారా?"

"కంపెనీకి ఏడుపు కావాలవ్వా."

"కావాలంటే కంపెనీనే ఏడవమను. నేను పోయిందని ఏడిస్తే ఉండేది కూడా పోతాది. అప్పుడు నువ్వొచ్చి కట్టిస్తావా?"

ఆ ప్రశ్నను నాలుగో అంతస్తుకు పంపించాల్సింది.

మేడం వచ్చింది. రాళ్ళ కుప్ప మీదికి ఎక్కింది. వీధిలో నీళ్ళు ఎంత ఎత్తు నిలిచినాయో గోడల మీద మరక చూసి ఫోటో తీసింది. బేల్దారిని పిలిపించి అడిగింది. "తీసేయమని చెప్పిన మాట నిజమే మేడం. వీళ్ళు వింటే కదా" అన్నాడు ఆయన. తర్వాత అవ్వ దగ్గరికి వచ్చింది. నేను మేక పక్కన నిలబడి దాని కళ్ళలోకి చూస్తున్నాను, ఇంకెక్కడా చూడలేక.

"అమ్మా, ఈ గోడ పడినందుకు మీరు సంతోషించారని రిపోర్టులో ఉంది. నిజమేనా?"

"మంచిదే అయిందమ్మా. దిష్టి పోయింది" అనింది అవ్వ, నేనెవరో తెలియనట్టు.

మేడం తల ఊపి, ఆ మాట రాసుకోవడానికి ఫోన్ పైకెత్తింది. కాలి కింద రాయి జరిగింది. మనిషి నిలదొక్కుకుంది గానీ చేతిలోని ఫోన్ పోయి బండ మీద పడింది. కొత్త ఫోన్. అద్దం ఒక మూల నుంచి ఇంకో మూలకు సాలెగూడు మాదిరి చీలిపోయింది.

అవ్వ ఆమె కంటే ముందు వంగి దాన్ని తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, చేతిలో పెట్టి, భుజం మీద తట్టింది. "మంచిదేలే తల్లీ. దిష్టి పోయింది. మనిషికి తగల్లేదు, అదే పదివేలు."

అక్క లోపల నుంచి మంచినీళ్ళు తెస్తా "మంచిదేలే మేడం, దిష్టి పోయింది" అనింది. బేల్దారి కూడా అన్నాడు. వెనకింటి గడపలో కూర్చున్న ఆమె ఏం పడిందో కూడా తెలియకుండా అక్కణ్ణుంచే అనింది.

మేడం అందర్నీ ఒకసారి చూసింది.

"ఇప్పుడు మీ ఫోన్ మీరే పడేసుకున్నట్టు రాయాల్సి వస్తుంది మేడం" అన్నాను. "చుట్టుపక్కల వాళ్ళు సంతృప్తి వ్యక్తం చేసినారు."

ఆమె నవ్వలేదు. కానీ చీలిన అద్దం మీదే వేలు జాగ్రత్తగా ఆనించుకుంటూ ఏదో కొట్టేసింది, ఇంకేదో రాసింది. పోయేటప్పుడు అవ్వ ఇచ్చిన టీ తాగింది. కొన్నాళ్ళకు క్లెయిం పాసైనట్టు మూడో అంతస్తు నుంచి సమాచారం వచ్చింది. ఆ రిపోర్టులో ఒక వాక్యం ఉందంట, స్థానికంగా నష్టం జరిగినప్పుడు అనే ఓదార్పు మాటను సర్వేయరు పొరబడినట్లు తేలినది అని. ఆ సర్వేయరుకు చెప్తే, "అయ్యో, అలాగా అండీ" అన్నాడు. పాపం, ఆయన అందరితోనూ అంతే మర్యాదగా పొరబడేవాడు.

మంచిగానే ఉంది కదా, ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటారు. నేనూ అట్లే అనుకుని నాలుగో అంతస్తుకు ఫోన్ చేసినాను.

"క్లెయిం పాసైంది కదా, రిపేరు చేయించి ఫోటోలు పంపించమనండి. చూసి పాలసీ ఇస్తాం."

"తడి ఆరేదాకా బేల్దారి పని పట్టడు సార్. వానలు ఇంకా ఉండాయి. వాళ్ళకు పాలసీ కావాల్సింది వానలకే."

"వానలు తగ్గాక ఇస్తాం."

వాన వెలిసినాక గొడుగిస్తామన్నట్టుంది ఇది. గొడుగుల అంగడి వాడు కూడా ఇట్లా వ్యాపారం చేయడు.

మేనేజరుకు చెప్పినాను. మీరొకసారి పోయి చూసి రాస్తే అయిపోతుంది సార్, పడిన వంటిల్లు వదిలేసి మిగతా ఇంటికి ఇవ్వచ్చు అని. ఆయన ఏమన్నాడో మీకు తెలుసు.

అయితే ఒక మార్పు వచ్చింది. ఆయన దాన్ని గమనించినాడో లేదో గానీ నేను గమనించినాను. మబ్బు పడితే ఆయన ఫోన్‌ను బల్ల మీద ఇంకొంచెం దగ్గరికి జరుపుకునేవాడు. మోగితే మొదటి మోతకే ఎత్తేవాడు. "ఆ, పడలేదా. సరే" అనేవాడు. ఒకసారి "ఊతాలు గట్టిగా ఉండాయా?" అని కూడా అడిగినాడు. అవ్వ దానికి జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది, ఆయన అంతా విన్నాడు.

ఒకరోజు పొద్దున్నుంచే వాన పట్టుకుంది. బంగారు అంగళ్ళ వీధిలో మోకాళ్ళ దాకా నీళ్ళు. కింద అంగడి వాళ్ళు షట్టరు సగం దించినారు. మెట్లు తప్పి వచ్చేవాళ్ళు కూడా రాలేదు. ఫోన్ మోగలేదు.

మేనేజరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని విని దించినాడు.

"ఫోన్ పనిచేస్తాండాదా?"

"చేస్తాండాది సార్."

"మరి?"

"పడి ఉండచ్చు, పడకుండా ఉండచ్చు సార్."

ఆయన నన్ను చూసిన చూపు నాకు మొదటిసారి కోపంగా కనపడింది. "నీకు ఎప్పుడూ ఎగతాళే" అన్నాడు. "ఆమెకు చెయ్."

చేసినాను. ఆ నంబరు అందుబాటులో లేదని వచ్చింది. అక్క నంబరుకు చేసినాను. మోగింది, ఎత్తలేదు. రిసీవరు పెట్టేసి చూస్తే మేనేజరు లేచి నిలబడి ఉన్నాడు. ఆఫీసు వేళల్లో ఆయన లేచి నిలబడటం నేను చూడలేదు.

"బండి తెచ్చినావా?" అన్నాడు.

"వానలో పోలేం సార్."

"పా."

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాకా నా వెనక కూర్చుని ఆయన గొడుగు పట్టినాడు. గొడుగు ఆయన మీద ఉంది, నీళ్ళు నా మీద. ఒకచోట గాలికి గొడుగు తిరగబడింది. నేను మంచిదేలే సార్ అనబోయి, ఎందుకో ఊరుకున్నాను. నాలాంటోడు నోరు మూసుకున్నాడంటే పరిస్థితి మీరే అర్థం చేసుకోండి.

వీధి మొగదలకు రాంగానే ఇద్దరమూ మెడలు చాపి చూసినాము. మిద్దె కనపడింది. బండి ఆపకముందే ఆయన దిగేసినాడు. నీళ్ళల్లో చెప్పులతో సహా నడుచుకుంటా వెనక్కి పోయినాడు.

గోడ ఉంది. తడిసి నల్లబడి, ఊతం కర్రల మధ్య నిలబడి ఉంది. దాని మీద అక్క ఒక పెద్ద టార్పాలిన్ కప్పి రాళ్ళు కడ్తాంది. ఇంకొక మూల అవ్వ పట్టుకోనుంది. అక్క ఫోన్ ఎత్తకపోవడానికి కారణం అదే, నాలుగు చేతులకూ పని ఉంది.

"సారూ" అనింది అవ్వ, మేనేజరును అదే మొదటిసారి చూడటం, గొంతు మాత్రం ఆమెకు తెలుసు కాబట్టి ఆయన ఏదో అనంగానే గుర్తుపట్టింది. "మీరా? ఇంత వానలోనా?"

"ఫోన్ చేయలేదేందమ్మా?"

"రీచార్జి అయిపోయింది సారూ. నిన్నటితో. ఒక్కరోజు కూడా ఆగరు వాళ్ళు."

ఈ మాట మీద జోకు వేయకుండా వదిలేసినందుకు నాకిప్పటికీ కొంచెం బాధగా ఉంది. మేనేజరు పోయి టార్పాలిన్ మూల పట్టుకున్నాడు. నేను ఇంకో మూల. నలుగురం కట్టేసినాము. అప్పుడాయన గోడ మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు కొంచెంసేపు అట్లే ఉంచినాడు. పక్కకు జరిగి ఇంకోచోట ఆనించినాడు. అట్లా ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయినాడు. ఊతం కర్రలు ఒక్కొక్కటీ కదిపి చూసినాడు. లోపలికి పోయి తలెత్తి బండల కీళ్ళు చూసినాడు. ఉద్యోగమంతా ఎందరికి "చూద్దాం" అని చెప్పినాడో గానీ, ఆ రోజు ఆ గోడను మాత్రం చూసినాడు.

ముందర గదిలో అక్క తుండు ఇచ్చింది. ఆయన తల తుడుచుకోలేదు, చేతులు తుడుచుకుని నా ఫోన్ అడిగినాడు. "నేను చెప్తా, నువ్వు కొట్టు" అన్నాడు.

"ఈ దినము నేను స్వయముగా పోయి చూసినాను" అని మొదలుపెట్టి ఆగినాడు. అవ్వ టీ పెట్టను లేచింది.

"తర్వాత సార్?"

"బాధ్యత నాది" అన్నాడు. "లావు అక్షరాలతో వద్దు, మామూలుగా కొట్టు."

పడిన వంటిల్లు మినహా మిగతా ఇంటికి పాలసీ ఇస్తున్నట్టు, గోడకు ఊతాలున్న సంగతి కూడా దాచకుండా రాయించినాడు. ఫోటోలు ఆయనే తీసినాడు, ఒకదాంట్లో వేలు అడ్డం వచ్చింది. నాలుగో అంతస్తు నుంచి ఒక అభ్యంతరం వచ్చింది, ఆయన దానికి నేను చూసినాను అని జవాబు రాసినాడు. ఇంకోటి వచ్చింది. మళ్ళీ అదే రాసినాడు. ఆ తర్వాత రాలేదు. కంప్యూటర్లో ఎర్రగీత పోయింది. కువైట్ నుంచి వీడియో కాల్ వచ్చింది, "చూసినారంట కదా సార్" అన్నాడు అతను, "చూసినానప్పా" అన్నాడు ఈయన.

నేను అవ్వ ఫోన్‌కు రీచార్జి చేయించినాను. పాలసీ కాగితం ఇవ్వను పోయినప్పుడు, "ఇంక ఫోన్లు చేయక్కరలేదవ్వా, బీమా వచ్చేసింది" అని చెప్పినాను. సరేననింది.

వారం తిరగకముందే మళ్ళీ వాన పట్టింది. మధ్యాహ్నం దాకా కురిసింది. ఫోన్ మోగలేదు, మోగనక్కరలేదు కూడా. మేనేజరు బల్ల మీద కాగితాలు సర్దినాడు. కిటికీ దగ్గరికి పోయి వచ్చినాడు. కూర్చున్నాడు. తర్వాత రిసీవరు ఎత్తి, నంబరు ఎక్కడా చూసుకోకుండా నొక్కినాడు.

"అమ్మా, నేను ప్రొద్దుటూరు నుంచి. ఆ... ఆ... సరే, సరే. ఉంటా."

రిసీవరు పెట్టేసి నా వైపు తిరిగి, "పడలేదంట" అన్నాడు.